ఆగకూడని రోడ్డు

ఆ రోడ్డుకి ఒక చట్టం ఉండేది. ఏ గోడ మీదా రాసి లేదు, ఏ పోలీసూ అమలు చెయ్యలేదు. అయినా రైల్వే వాళ్ళు అచ్చు వేయించి పంచిన రూళ్ళ పుస్తకం కన్నా గట్టిగా నడిచేది. పొద్దున్న ఆరున్నర నుంచి ఏడు దాకా బ్రేకు పట్టకూడదు. పక్కవాడి హ్యాండిల్ తగిలినా, ముందువాడి టిఫిన్ క్యారేజీ ఊడిపడినా, ఆఖరికి మనిషే పడిపోయినా సరే, బ్రేకు మాత్రం పట్టకూడదు. "పక్కకి!" అని ఒక్క కేక పెట్టి, సైకిలు వంచి, తప్పుకుని పోవాలి. ఆ కేక విన్న వెనకవాడు తనూ అదే కేక పెట్టి తప్పుకుంటాడు. పడినవాడి చుట్టూ సైకిళ్ళ వరద రెండుగా చీలి, అవతల మళ్ళీ ఒకటైపోతుంది.

ఈ చట్టం పెట్టినవాళ్ళు దుర్మార్గులని అనుకోకండి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పొద్దుటి పనికి ఆ ఒక్క రోడ్డు మీదే మూడు వేల సైకిళ్ళు వెళ్ళేవి. ఆరున్నరకి మొదటి సైరన్, ఏడుకి పది నిమిషాల ముందు రెండోది, ఏడింటికి మూడోది. మూడోది కూయగానే గేటు మూస్తారు. లోపలి బోర్డుకి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించనివాడికి మధ్యాహ్నం దాకా పని లేదు. ముందు ఒకడు ఆగితే వెనక యాభై మంది పడతారు, యాభై మంది పడితే అయిదు వందల మందికి గేటు మూసుకుపోతుంది. వింటే న్యాయంగానే ఉంటుంది. ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తేనే గొంతుకి అడ్డం పడుతుంది, కానీ ఆ హడావిడిలో ఒంటరిగా కూర్చునే తీరిక ఎవడికుంది?

జగ్గారావు బాయిలర్ షాపులో మిస్త్రీ. ముప్పై రెండేళ్ళ సర్వీసు. ఝపటాపూర్‌లో తన ఇంటి నుంచి వర్క్‌షాపు గేటు దాకా రెండున్నర మైళ్ళలో ఏ గుంత ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. కొత్తగా చేరిన తెలుగు కుర్రాళ్ళకి రోడ్డు చట్టం నేర్పింది అతనే. "పడినోడి కాసి సూడకండిరా. సూస్తే సెయ్యి బ్రేకు మీదకి ఎల్లిపోద్ది" అనేవాడు. కొడుకు దేముడికీ అదే నేర్పాడు.

అరవై ఆరు డిసెంబరులో, ఒక మంచు పొద్దున, సగం దారిలో ఉన్న కల్వర్టు దగ్గర ముందెవడో "పక్కకి!" అన్నాడు. జగ్గారావు కూడా అరిచి సైకిలు కుడికి వంచాడు. చూడకూడదనుకుంటూనే ఓరకంట చూశాడు. నేల మీద ఒక నల్ల కోటు. చలికాలానికి రైల్వే వాళ్ళిచ్చే ఉన్ని కోటు, రోడ్డు మీద ప్రతివాడి ఒంటి మీదా ఉండేదే. ఆ కోటులోంచి ఒక చెయ్యి పైకి లేచింది. సాయం అడిగిందో, తప్పుకోండని చెప్పిందో తెలియదు. అప్పటికే దాటిపోయాడు. మూడో సైరన్‌కి నాలుగు నిమిషాల ముందే బిళ్ళ తగిలించాడు కూడా.

దేముడు తనకన్నా పది నిమిషాల ముందే ఇంట్లోంచి బయల్దేరాడు, ఈపాటికి లోపల ఉంటాడనుకున్నాడు. తొమ్మిదింటికి ఫోర్‌మన్ పిలిచి చెప్పాడు. దారిలో గొలుసు ఊడితే దేముడు దాన్ని ఎక్కించుకోడానికి ఆగాడట. మళ్ళీ ఎక్కి కల్వర్టు దాకా వచ్చాక పడ్డాడట. కాలు విరిగి లేవలేకపోయాడు. వరదంతా వెళ్ళిపోయాక, ఖాళీ రోడ్డు మీద మంచులో ఒక ఇసుక లారీ వచ్చింది. డ్రైవరుకి నేల మీది మనిషి కనిపించలేదు. పడినందుకు పోలేదు దేముడు. పడ్డాక పది నిమిషాల పాటు ఎవరూ లేవదీయనందుకు పోయాడు.

అందరూ చేసిన పనే కదా అని సర్దిచెప్పుకోవచ్చు. గుంపులో గోవిందా అనుకుని హాయిగా నిద్రపోయేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. జగ్గారావుకి ఆ సుఖం దక్కలేదు. భార్య పోలమ్మకి చెప్పలేదు. కోడలు గంగాభవానికి చెప్పలేదు. ఆ రోజు పక్కనే తొక్కుతూ తనూ "పక్కకి" అన్న స్నేహితుడు తిమోతి దగ్గర కూడా ఆ మాట ఎత్తలేదు. తిమోతీ ఎత్తలేదు. ఇద్దరూ పదమూడు నెలలు మింగలేక కక్కలేక గడిపారు.

అలాంటి సమయంలో గంగాభవానికి ఉద్యోగం కాగితం వచ్చింది. చనిపోయినవాడి భార్యకి రైల్వే ఇచ్చే ఉద్యోగం. ట్రిమ్మింగ్ షాపులో, బోగీల సీట్లకి రెగ్జిన్ కుట్టే చోట. సోమవారం నుంచి రమ్మన్నారు.

"రిక్సా మాటాడతానమ్మా" అన్నాడు జగ్గారావు.

"నెలంతా రిక్సా ఎక్కితే నానింకేటి ఇంటికి తెస్తాను మావా? ఇంట్లో సైకిలుంది గదా" అంది గంగాభవాని.

ఇంట్లో ఉన్న సైకిలు దేముడిదే. పెరట్లో గోనెసంచి కప్పి, గోడకి ఆనించి ఉంది. పోలమ్మ లబలబలాడింది. "ఓలమ్మో, నా కొడుకుని తినీసిన రోడ్డు మీదకి, నా కొడుకు సైకిలు మీదే ఎల్తావేటే? నీకేటైనా అయితే ఈ గుంటని ఎవుడు సాకుతాడు?" అని మూడేళ్ళ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా. గంగాభవాని అత్తగారి ఏడుపంతా ఓపిగ్గా విని, గోనెసంచి తీసి, సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

చీరతో మగాళ్ళ సైకిలు ఎక్కడం కుదరదు. జగ్గారావు దాన్ని తిమోతి దగ్గరికి నడిపించుకుపోయాడు. తిమోతి వెల్డరు. కంకర మీద ఇనుప చక్రం దొర్లినట్టుండే గొంతు, దానికి తగ్గ ఎగతాళి. ఆ రోజు మాత్రం సైకిలుని గుర్తుపట్టి, సీటు మీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత అడ్డకమ్మీ కోసి, కిందికి వంచి, అతికాడు. అతుకు మీద రంగు కూడా వేశాడు. వెనక మడ్‌గార్డు వదులుగా ఉండి టకటకమంటుంటే బిగించబోయాడు.

"దాన్నలగే ఒగ్గీరా" అన్నాడు జగ్గారావు.

"ఏటికి?"

"మంచులో మనిషి కనబడదు. సప్పుడు ఇనబడద్ది."

తిమోతి స్పానరు కింద పెట్టాడు. "ఆడకూతుర్ని వరదలోకి దించుతున్నావురా జగ్గా" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

సాయంత్రాలు జగ్గారావే ఆమెకి రైల్వే మైదానంలో తొక్కడం నేర్పాడు. పిల్ల గట్టిది, నాలుగో రోజుకే పడకుండా తిరిగింది. అయిదో రోజు అతను రోడ్డు సంగతులు ఎత్తాడు. కుచ్చిళ్ళు ఎగదోపి పిన్నీసు పెట్టుకోవాలి. తన వెనక చక్రం గీసిన గీత మీదే రావాలి. సాలువా నుంచి పాలవాళ్ళు ఎదురొస్తారు, వాళ్ళని పట్టించుకోనక్కర్లేదు, వాళ్ళే కాలవలోకి దిగి నిలబడతారు. పక్కవాడు మాట్లాడితే జవాబివ్వకూడదు. గంగాభవాని అన్నిటికీ తలూపింది. ఒక్కటి మిగిలిపోయింది. అది అతని నోట్లోంచి రాలేదు. ఆమే అడిగింది.

"ఎవుడైనా పడితే ఏటి సెయ్యాలి మావా?"

జగ్గారావు సైకిలు గంట విప్పి, నూనె లేకపోయినా నూనె వేస్తున్నవాడిలా వేలితో రుద్దాడు. "పడితే... పక్కకి తిప్పుకుని పోవాలమ్మా."

"ఆగకూడదేటి?"

"ఆగితే నీ మీద యాబై మంది పడతారు. నువ్వు పోతావు, ఆడూ పోతాడు."

ఆమె పుట్టింది పలాస దగ్గర ఒక రైలు గేటు పక్కనున్న గదిలో. తండ్రి గేటుమాన్. "మా నాన్న ఓ పాలి పట్టాల మీద మేక ఇరుక్కుంటే రెండు సేతులూ పైకెత్తి మెయిలే ఆపీసినాడు" అంది. "డ్రైవరు తిట్టినాడు. ఇనిస్పెట్రు వచ్చి మరీ తిట్టినాడు. మా నాన్న, 'బాబూ, నాకు జీతం ఇచ్చిందే ఈ సేతులెత్తడానికి' అన్నాడు. మెయిలే ఆగింది గదా, సైకిల్లు ఆగవేటి?"

"రైలుకి సిగ్నలుంటాది, గార్డుంటాడు. ఈ రోడ్డుకి ఎవుడున్నాడమ్మా?" అన్నాడు జగ్గారావు. తన మాట తనకే నచ్చలేదు. కొడుకుని చంపిన చట్టాన్ని కొడుకు పెళ్ళానికి నేర్పుతున్నాడు. నేర్పకపోతే ఆమె బతకదు.

సోమవారం పొద్దున్న మొదటి సైరన్‌తో బయల్దేరారు. అతను ముందు, ఆమె వెనక, అతని పక్కన తిమోతి. సందు దాటి రోడ్డెక్కగానే వరద మింగేసింది. కుడివైపు అయిదు వరసలు, ఎడమవైపు మూడు, చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు. గంటలు, గొలుసుల గరగర, దగ్గులు, బీడీ పొగ, తెలుగులో ఒకడు, బెంగాలీలో ఒకడు, ఒడియాలో ఒకడు తిట్టుకోవడాలు. జగ్గారావుకి వీపంతా చెవులైపోయాయి. టకటక, టకటక. మడ్‌గార్డు చప్పుడు వెనకే వస్తోంది. వస్తున్నంతసేపూ ఆమె ఉన్నట్టు.

"దీదీ, ఇంటికెల్లి వంట సేసుకో!" అని ఎవడో నవ్వాడు. ఆమె జవాబివ్వలేదు. చెప్పింది చెప్పినట్టు అతని గీత మీదే వచ్చింది. కల్వర్టు దగ్గర మాత్రం ఒక్కసారి గంట కొట్టింది. అక్కడ ఎవరూ అడ్డం లేరు, గంట కొట్టే పనే లేదు. మంగళవారమూ అక్కడే కొట్టింది. బుధవారమూ కొట్టింది. అది ఎవరికోసమో అడగక్కర్లేదు. తిమోతి ఆ చోటు వచ్చేసరికి ప్రతి రోజూ ముఖం అటు తిప్పుకునేవాడు. అయిదు రోజులు అలా గడిచాయి. గేటు లోపల ఆమె తన బిళ్ళ తగిలించిన చప్పుడు వినేదాకా జగ్గారావు తన షాపు వైపు కదిలేవాడు కాదు.

శనివారం పొద్దున్న తలుపు తీస్తే ఎదురింటి గోడ కనిపించలేదు. అంత మంచు. దానికి తోడు మనవరాలు తల్లి కొంగు వదలక ఏడ్చింది. దాన్ని ఊరుకోబెట్టి బయటపడేసరికి ఏడుకి పావుగంటే ఉంది.

"ఈ పూటకి మానీ అమ్మా" అన్నాడు జగ్గారావు.

"మొదటి వారమే మానీమంటావేటి మావా?" అని ఆమె అప్పటికే కాలు వేసేసింది.

తిమోతి సందు చివర తిట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. ముగ్గురూ రోడ్డెక్కారు. ఇది వరద తోక. ఆలస్యమైనవాళ్ళంతా ఇందులో ఉంటారు, అందుకే అందరికన్నా వేగంగా పోతుంది. పదిహేను గజాల ముందు ఏముందో తెలియదు. ముందువాడి నల్లకోటు వీపు చూసి తొక్కడమే. టకటక, టకటక. రెండో సైరన్ మంచులోంచి గొంతు నొక్కినట్టు వినిపించింది. ఇంకా పది నిమిషాలు. వేగం పెరిగింది. జగ్గారావు వేగం పెంచకుండా ఉండాలనుకున్నాడు, కానీ వరదలో ఎవడి వేగం వాడి చేతిలో ఉండదు.

కల్వర్టు దగ్గర పడుతోంది. వెనక గంట ఒక్కసారి మోగింది. అదే సమయానికి ముందు ఏదో గిన్నెలు దొర్లిన చప్పుడు, ఇనుము నేలకి రాసుకున్న చప్పుడు, ఒక కేక.

"పక్కకి!"

జగ్గారావు ఆలోచించలేదు. ముప్పై రెండేళ్ళుగా ఒళ్ళు నేర్చుకున్న పని ఒళ్ళే చేసేసింది. "పక్కకి!" అని అరిచి కుడికి వంచాడు. చక్రం కింద టిఫిన్ క్యారేజీ మూత నలిగింది. ఎడమవైపు నేల మీద నల్ల కోటు. అదే కోటు. అదే మంచు. కోటులోంచి ఒక చెయ్యి లేచింది. దాటిపోయాడు.

దాటిపోయి యాభై గజాలు పోయాక తెలిసింది, వెనక టకటక లేదని.

చెయ్యి బ్రేకు మీదకి వెళ్ళింది. పక్కనుంచి తిమోతి అరిచాడు. "జగ్గా! బ్రేకు పట్టకురా, సస్తావు!" జగ్గారావు పట్టేశాడు. వెనకవాడి చక్రం వచ్చి మడమకి కొట్టుకుంది, బూతు ఒకటి వినిపించింది. ఎలా ఎడమకి తోశాడో తెలియదు, రోడ్డు అంచున సైకిలు పారేసి, కాలవ గట్టు మీద వెనక్కి పరిగెత్తాడు. ఎదురుగా మంచులోంచి సైకిళ్ళు ఊడిపడుతున్నాయి. ఒక హ్యాండిల్ మోచేతికి తగిలి చెయ్యంతా మొద్దుబారింది. "అమ్మా! గంగమ్మా!" అని అరుస్తున్నాడు. ఎవరో నవ్వారు కూడా, ముసలాడు తల్లి కోసం ఏడుస్తున్నాడని.

తండ్రి ముందే పోయాడు, ఇప్పుడు తల్లీ పోతే మూడేళ్ళ గుంటకి ఏం చెబుతాను? అతని బుర్రలో ఉన్నది ఆ ఒక్క మాటే.

ముందు సైకిలు కనిపించింది. రోడ్డుకి అడ్డంగా పడుకోబెట్టి ఉంది, తిమోతి వేసిన అతుకు పైకి కనిపిస్తూ. దాని వెనక పడిపోయిన మనిషి, ఒక కాలు పక్కకి తిరిగిపోయి మూలుగుతున్నాడు. సైకిలుకి ముందు, వస్తున్న వరదకి ఎదురుగా గంగాభవాని నిలబడి ఉంది. అరవడం లేదు. గంట కొట్టడం లేదు. రెండు చేతులూ తలమీదికి నిటారుగా ఎత్తి, అరచేతులు విప్పి నిలబడింది.

ఆ గుర్తు తెలియనివాడు రైల్వే ఊళ్ళో ఉండడు. జెండా చేతిలో లేనప్పుడు, ఎంత పెద్ద బండినైనా ఆపడానికి ఎత్తే చేతులవి. షెడ్డులోకి ఇంజను నెట్టేటప్పుడు ఆ చేతులు లేస్తే ఇంజను ఆగాలి. ఎందుకని అడగకూడదు, ముందు ఆగాలి, తర్వాత అడగాలి. నడక నేర్చిన దగ్గర్నుంచి ఆ ఊరి పిల్లలు రైలాటలో ఎత్తే చేతులు కూడా అవే. జగ్గారావు కాళ్ళు కూడా ఒక్క క్షణం వాటంతటవే ఆగిపోయాయి.

మంచులోంచి ఒక వరస వచ్చింది. వాళ్ళకి ఆమె పది గజాల దగ్గర కనిపించింది. మనిషి పడితే పట్టని బ్రేకులు ఆ చేతులకి పట్టేశాయి. బ్రేకులు కీచుమన్నాయి, చెప్పులు నేలకి రాచుకున్నాయి, ఇద్దరు ఒకరి మీద ఒకరు ఒరిగారు. ఒకడి ముందు చక్రం వచ్చి ఆమె చీర కుచ్చిళ్ళకి తగిలి ఆగింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది, చేతులు మాత్రం దించలేదు. రెండో వరస ఆగింది. మూడో వరసలో ఒకడు కాలవలోకి దిగిపోయాడు. వాళ్ళలో ఒక కుర్రాడు ఏమనుకున్నాడో, సైకిలు దిగి వెనక్కి తిరిగి తనూ రెండు చేతులూ ఎత్తాడు. వాడి వెనక ఇంకొకడు ఎత్తాడు.

జగ్గారావుకి అప్పుడు లారీ గుర్తొచ్చింది.

రోజూ వరద పోయాక ఆ రోడ్డున ఇసుక లారీ వస్తుంది. ఇవాళ వరద పోలేదు, నిలబడిపోయింది. రోడ్డు నిండా రెండు వందల మంది, ముందు వరసల్లో చేతులెత్తిన ఆ ఇద్దరూ తప్ప వెనక్కి ముఖం ఉన్నవాడు లేడు. లారీ డ్రైవరు రైల్వేవాడు కాదు, ఈ చేతుల గుర్తు అతనికి తెలుసో లేదో. జగ్గారావు మళ్ళీ పరిగెత్తాడు. ఆగిన సైకిళ్ళ పక్కనుంచి, కాలవలో బురద తొక్కుతూ, గుంపు ఆఖరి దాకా, ఆఖరు దాటి ఇంకా వెనక్కి. యాభై నాలుగేళ్ళ ఊపిరి గొంతులో కొడవలిలా కోస్తోంది. మంచులో రెండు పసుప్పచ్చటి మరకలు కనిపించాయి. అవి పెద్దవవుతున్నాయి. ఇంజను మోత నేలలోంచి వస్తోంది.

రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. రెండు చేతులూ ఎత్తాడు. మొద్దుబారిన మోచెయ్యి సరిగ్గా లేవకపోతే రెండో చేత్తో పట్టుకుని లేపాడు. వెలుతురు కళ్ళలో పడింది. ఆగకపోతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు, అయినా పక్కకి తప్పుకోవాలనిపించలేదు. ఈ ఒక్కసారి పక్కకి తప్పుకోకూడదనుకున్నాడు.

లారీ అడ్డంగా జారి, అతనికి మూరెడు దూరంలో ఆగింది. ముందు రేకు వేడి ముఖానికి తగిలింది.

"మొరబే నాకి, బుడో?" అని అరిచాడు డ్రైవరు, చస్తావా ముసలోడా అని. దిగి వచ్చి, జగ్గారావు భుజం మీదుగా ముందుకి చూశాడు. మంచులో కదులుతున్న వీపులు, వందల వీపులు కనిపించాయి. డ్రైవరు అక్కడే రోడ్డు మీద గొంతుకూర్చున్నాడు.

అప్పుడే మూడో సైరన్ కూసింది.

పడినవాడు ఫౌండ్రీలో ఖలాసీ. ఒడియా మనిషి. అతని పేరు అక్కడ ఎవరికీ తెలియదు. హ్యాండిల్‌కి వేలాడదీసిన టిఫిన్ క్యారేజీ ముందు చక్రంలో ఇరుక్కుందట. నలుగురు పట్టుకుని అతన్ని ఆ లారీలోనే, ఇసుక మీద గోనెలు పరిచి పడుకోబెట్టి ఆసుపత్రికి పంపారు. అతను గంగాభవానిని చూసి రెండు చేతులూ జోడించబోయాడు, నొప్పికి కుదరలేదు.

గుంపులో సణుగుడు మొదలైంది. "గేటు మూసీసినారు. ఎవుడ్రా ఆపినోడు?"

"సిగ్నలు పడిందిరా" అన్నాడొక ముసలి ఫిట్టరు, సైకిలుకి ఆనుకుని బీడీ ముట్టిస్తూ. "సేతులెత్తితే ఆగాల. ఆగినాం. అందులో మాటేటుంది?"

సణిగినవాడు వచ్చి అతన్ని ఒక బీడీ అడిగాడు.

మూసిన గేటు ఎదురుగా టీ కొట్టు ఉంది. మధ్యాహ్నం సైరన్ దాకా అక్కడ కూర్చోవాల్సిందే. తిమోతి ముందే వెళ్ళి లోపల ఉన్నాడు, గేటు కమ్మీల అవతల నిలబడి వీళ్ళని చూస్తున్నాడు. లోపలికి పోగలిగినవాడి ముఖంలా లేదు అతనిది. గంగాభవాని బల్ల చివర కూర్చుని, చేతులు టీ గ్లాసు చుట్టూ పెట్టుకుంది. తాగలేదు. మంచు పలచబడుతోంది.

జగ్గారావు ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. చెప్పాలని ముందుగా అనుకోలేదు. ఇంకా దాచుకునే ఓపిక పోయింది, అంతే.

"అమ్మా, ఆ రోజు మన దేముడు పడినప్పుడు... నానూ ఆ దారినే వొచ్చినాను. నా ముందే పడున్నాడు. నాను పక్కకి అని అరిసి, తిప్పుకుని ఎల్లిపోనాను. ఈయాల ఎల్లినట్టే."

ఆమె గ్లాసు చుట్టూ ఉన్న చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గేటు మీద కాకి ఒకటి వాలి, మళ్ళీ లేచిపోయింది.

"ముఖం సూసినావా?" అని అడిగింది.

"నేదమ్మా. కోటు సూసినాను. సెయ్యి లేసింది సూసినాను."

"ముఖం సూసుంటే ఆగుదువా?"

ఎందుకాగను, నా కొడుకు కదా అనబోయాడు. అది నిజమే. నిజమే గనక సిగ్గేసింది.

"నా కొడుకని తెలిస్తే ఆగుదును" అన్నాడు. "ఇంకోడి కొడుకైతే ఎల్లిపోదును. ఈయాల కూడా ఆడి కోసం ఆగనేదమ్మా. నువ్వు ఎనకాల రానేదని ఆగినాను."

గంగాభవాని ఏడవలేదు. అతన్ని తిట్టినా బాగుండేది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళి దేముడి సైకిలు దగ్గర నిలబడింది. హ్యాండిల్ కొంచెం వంకరపోయింది. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, రెండు చేతులతో దాన్ని సరిచేసింది. కుచ్చిళ్ళకంటిన మట్టి దులుపుకుంది. మధ్యాహ్నం సైరన్ కూసే దాకా అక్కడే, అతనికి వీపు పెట్టి నిలబడింది. అతను నేల మీదే కూర్చున్నాడు.

సైరన్ కూసింది. గేటు తెరుచుకుంది. జనం లేచి సైకిళ్ళు నడిపించుకుంటూ లోపలికి పోతున్నారు. ఆమె తన బిళ్ళ చేతిలోకి తీసుకుని, అతని పక్కనుంచి వెళ్తూ ఆగింది.

"రేపు ఆదివారం. సోమవారం నాను ముందెల్తాను. నువ్వు నా ఎనకాల రా" అంది.

మావా అనలేదు. రావద్దని కూడా అనలేదు.